చదివి వేసే ఓటు

మార్కాపురం,
ఆదివారం.

చిరంజీవి బుజ్జమ్మకు మీ పెదనాయన ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన పొడుగాటి మెసేజ్ మీ పెద్దమ్మ చదివి వినిపించింది. ఆ తర్వాత నేనూ కళ్లద్దాలు పెట్టుకుని చదువుకున్నాను. ఫోన్లో చెబుదామంటే నువ్వు మధ్యలో "అది కాదు పెదనాయనా" అని అడ్డం తగులుతావు, నేను చెప్పదలచుకున్నది కాస్తా మరిచిపోతాను. అందుకని కాగితం మీద పెట్టి, ఎదురింటి పిల్లాడితో ఫొటోలు తీయించి పంపుతున్నాను. చేతిరాత అర్థం కాని చోట మాత్రం ఫోన్ చెయ్యి.

సంగతేమిటంటే, బొగద దగ్గర అడవిలో ఉన్న దొరబావి వంతెన మీద నువ్వు హైవ్ అనే బ్లాక్‌చెయిన్ వేదికలో రాసిన వ్యాసాన్ని మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. వారం గడువు ముగిసేలోగా మంచి రచనలు వెతికి ఓటేసే ఎవరో క్యూరేషన్ గుంపువాళ్లు చూసి ఓటేశారు, సెంట్లలో ఉన్నది డాలర్లలోకి ఎక్కింది. ఇప్పుడు ఆ గుంపే నిన్ను కూడా క్యూరేటర్‌గా రమ్మంటోంది. జీతం లేదు, రోజుకు ఒక గంట కూర్చుని ఇతరులు రాసినవి చదవాలి. మీ నాయనేమో "ఉన్న ఉద్యోగం చూసుకోకుండా ఈ బిట్‌కాయిన్ యవ్వారాలేంటి" అంటున్నాడు. నన్ను తీర్పు చెప్పమన్నావు.

చేరమనే నా మాట. మీ నాయనతో నేను మాట్లాడతాను. అయితే ఎందుకు చేరమంటున్నానో, చేరాక ఎక్కడ జారిపోయే ప్రమాదం ఉందో చెప్పకుండా వదిలితే పెద్దరికం అనిపించుకోదు.

ముందు నీ వ్యాసం గురించి ఒక మాట. నల్లమల అందాలు, సెలయేళ్లు, పచ్చదనం అంటూ మొదలుపెట్టిన రెండు పేరాలు తీసేసినా ఎవరికీ నష్టం లేదు. అవి శ్రీశైలం మీద రాసినవాళ్లూ రాస్తారు, అరకు మీద రాసినవాళ్లూ రాస్తారు. వ్యాసం బతికింది ఎక్కడంటే, మీ వీధిలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన ముసలాయన మాటల దగ్గర. వానాకాలం రాత్రి చేతిలో దీపంతో ఆ వంతెన మీద నడుస్తుంటే కింద లోయ కనిపించదు, నీళ్ల చప్పుడు మాత్రం వినిపిస్తుంది అని ఆయన చెప్పింది చెప్పినట్టే దించావు. 1880లలో మీటరు గేజి లైను నల్లమల దాటిన సంగతి పుస్తకాల్లో దొరుకుతుంది. బ్రాడ్ గేజి వచ్చాక దారి మారి, పాత వంతెన అడవికే వదిలేసిన సంగతీ దొరుకుతుంది. ఆయన విన్న ఆ నీళ్ల చప్పుడు సంగతి ఇంకెక్కడా దొరకదు. ఆ గుంపులో ఎవరో అక్కడి దాకా చదివారు కాబట్టే ఓటు పడింది. ఆ చదివినవాడు ఏ దేశంవాడో మనకు తెలియదు. మీ గిద్దలూరు పేరు అతను అంతకు ముందు విని ఉండడు.

ఇక ఆ హైవ్ యంత్రాంగం నాకు అర్థమైన తీరు చెబుతాను, తప్పుంటే దిద్దు. పలకల ఫ్యాక్టరీలో చిట్టా ఆవర్జాలు రాసిన గుమాస్తాను గనుక లెక్కల భాషలోనే చెబుతాను. బ్లాక్‌చెయిన్ అంటే ఒక లెక్కల పుస్తకం. దాని నకళ్లు లోకంలో అనేక కంప్యూటర్లలో ఉంటాయి. మూడు సెకన్లకో పుట చేరుతుంది. పుట రాసే పని విట్‌నెస్‌లనే వాళ్లది. వాళ్లను హైవ్ కాసులున్నవాళ్లు ఓట్లతో ఎన్నుకుంటారు, మొదటి ఇరవై మందిదే పెత్తనం. ఒకసారి రాసిన పుటను చించడానికి లేదు. కొత్త కాసులు ఎప్పటికప్పుడు పుడుతుంటాయి, వాటిలో 65 శాతం రచనలకు ఇచ్చే పారితోషికాల ఖాతాలో పడుతుంది. ఏ రచనకు ఎంత వెళ్లాలన్నది ఓట్లు తేలుస్తాయి. వారం రోజులకు లెక్క కడతారు. వచ్చినదాంట్లో సగం రాసినవాళ్లకు, సగం దాన్ని గుర్తించి ఓటేసినవాళ్లకు.

ఇందులో అసలు కిటుకు ఓటు బరువు. మనిషికి ఒక ఓటు అనే లెక్క అక్కడ లేదు. ఎవరు ఎన్ని కాసులు కట్టేసి పెట్టుకుంటే వాళ్ల ఓటుకు అంత బరువు. కట్టేసినవి మళ్లీ చేతికి రావాలంటే 13 వారాలు, విడతల వారీగా. పైగా ఓటు అక్షయపాత్ర కాదు. పూర్తి ఓటు ఒకటి వేస్తే శక్తిలో 2 శాతం తరుగుతుంది, రోజుకు 20 శాతం మళ్లీ పుడుతుంది. అంటే రోజుకు పది నిండు ఓట్లు. అంతకు మించి పంచితే చేతిలో పసే ఉండదు.

డబ్బున్నవాడి ఓటే ఓటు అయితే గిద్దలూరు పిల్లకు ఏం దక్కుతుంది అని నీకూ అనుమానం వచ్చే ఉంటుంది. సరిగ్గా ఆ అనుమానం నుంచే నిన్ను పిలిచిన గుంపులాంటివి పుట్టాయి. ఈ చరిత్ర నువ్వు చదివావో లేదో. హైవ్‌కు తల్లివేరు స్టీమ్. నెడ్ స్కాట్, డాన్ లారిమర్ అనే ఇద్దరు 2016 మార్చిలో దాన్ని మొదలుపెట్టారు. ఆ ఏడాది జూలై 4న మొదటిసారి పారితోషికాలు పంచారు. తొలినాళ్లలో ఎక్కువ కాసులున్న కొద్దిమంది ఓట్లు ఎవరి మీద పడితే వాళ్లకే పండగ. కొత్తగా వచ్చి ఎంత బాగా రాసినా పైసా రాలేదు. అప్పుడు, అదే ఏడాది, క్యూరీ అనే గుంపు వచ్చింది. పెద్ద వాటాలున్నవాళ్లు తమ ఓటు బరువును ఆ గుంపుకు అప్పగించారు. గుంపులోని పాఠకులు ఎవరికీ కనబడకుండా పోతున్న కొత్తవాళ్ల రచనలు వెతికి పట్టుకునేవాళ్లు, వాటిని ఇంకొకరు సరిచూసేవాళ్లు, ఆ తర్వాత ఓటు. ఆ దారిలోనే ఓసీడీ అనే గుంపు వచ్చింది. సైన్సు రచనల కోసం స్టీమ్‌స్టెమ్ వచ్చింది. వాటాదారులు తామిచ్చిన బరువును ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు గనుక గుంపులు తమ మంచిపేరు కాపాడుకోక తప్పదు. నాకు బాగా నచ్చింది ఈ ఏర్పాటే. సొమ్ము ఒకరిది, చూపు ఇంకొకరిది. సొమ్మున్నవాడికి చదివే తీరిక లేదు, చదివేవాడికి సొమ్ము లేదు. ఇద్దరూ కలిస్తేనే నీ వంతెన బయటపడింది.

ఇక జారిపోయే చోటు. ఓటుకు నోటు మన ప్రాంతానికి నేను వివరించనక్కర్లేదు. స్టీమ్‌లో దాన్ని యంత్రాలకు అప్పగించారు. 2017, 18లలో బిడ్ బాట్లు అని వచ్చాయి. నువ్వు వాటికి కొన్ని కాసులు పంపితే అవి నీ రచనకు పెద్ద ఓటు వేస్తాయి. రచనలో ఏముందో చూసే కన్ను వాటికి లేదు. వాటాదారులు చాలామంది తమ బరువును పాఠకుల గుంపుల కంటే ఈ యంత్రాలకు అద్దెకివ్వడం మొదలుపెట్టారు, అద్దె ఖాయంగా వస్తుంది కదా. మొదటి పేజీ నిండా కొనుక్కున్న ఓట్ల రచనలే. స్టీమ్ కాసు 2018 జనవరిలో 8 డాలర్లు దాటింది, ఆ ఏడు తిరిగేసరికి అర డాలరు కూడా పలకలేదు. ఆ పతనానికి బాట్లే కారణమని నేననను, లోకంలోని క్రిప్టో సరుకంతా ఆ ఏడాది అలాగే పడింది. కానీ సరుకు పడిన రోజున, చదివేవాళ్లు ఉంటే కనీసం మనుషులు మిగులుతారు. అమ్ముడుపోయిన ఓట్ల దగ్గర మనుషులూ మిగల్లేదు. స్టీమ్ వెనకున్న స్టీమిట్ కంపెనీయే 2018 నవంబరులో 70 శాతం సిబ్బందిని ఇంటికి పంపింది.

2019 ఆగస్టులో నిబంధనలు మార్చారు. అంతకు ముందు రాసినవాళ్లకు 75, ఓటేసినవాళ్లకు 25 ఉండేది. దాన్ని సగం సగం చేశారు, ఓటు అమ్ముకునేకంటే నిజాయితీగా వెతికి వేస్తేనే గిట్టుబాటు అనిపించాలని. దాంతోపాటు వ్యతిరేకంగా వేసే డౌన్‌వోటుకు విడిగా కొంత శక్తి ఇచ్చారు. రాసేవాళ్లలో కొందరికి ఈ మార్పు మంటగానే ఉంది, పంట పండించినవాడికీ తూకం వేసినవాడికీ సమానంగా ఎందుకు అని. నేనైతే తూకం వేసేవాళ్ల వైపే నిలబడతాను, వాళ్లు నిజంగా తూచినంత వరకు.

ఎందుకో చెప్తా. ఫ్యాక్టరీ షెడ్డులో పలకలకు రకం వేసే ఒకావిడ ఉండేది. క్వారీ రాయిని పొరలుగా చీల్చి, కోసి, రుద్ది, కొయ్య చట్రం బిగించే ముందు ప్రతి బిళ్లా ఆమె చేతిలోంచి వెళ్లాలి. ఎడమ చేతి వేళ్ల మీద బిళ్లను నిలబెట్టి, కుడి చేతి వేలిముడుకుతో ఒక్క తట్టు తట్టేది. బాగున్న బిళ్ల ఖంగుమనేది. లోపల కంటికి కనబడని పగులుంటే బొంగురుగా పలికేది. బొటనవేలితో అంచు ఒకసారి తడిమి, మొదటి రకం గుట్టలోనో రెండో రకం గుట్టలోనో పడేసేది. షెడ్డంతా రాతిపొడి, కోత మిషన్ల గోల, అయినా ఆ ఒక్క తట్టు ఆమెకు వినిపించేది. కొన్నాళ్లకు యాజమాన్యం రోజు కూలి తీసేసి నూరు బిళ్లలకు ఇంత అని కట్టింది. చేతులు వేగం పెరిగాయి, చెవులు పని మానేశాయి. కొన్ని నెలల్లో బయటి ఊళ్ల నుంచి పగిలిన పలకల డబ్బాలు తిరిగి రావడం మొదలైంది. ఆ తిరుగుటపా లెక్క ఆవర్జాలో రాసింది నేనే. మీ గుంపులో కూడా రోజుకు ఇన్ని రచనలు తేవాలి, తెచ్చిన ఒక్కొక్కదానికి ఇంత అని లెక్క పెట్టే రోజు వస్తే, ఆ రోజు నువ్వు బయటికి వచ్చెయ్యి. దొరక్కపోతే ఆ రోజు ఏదీ పంపకుండా ఊరుకునే స్వేచ్ఛ ఉండాలి. చేరే ముందే వాళ్లను ఈ ఒక్క ప్రశ్న అడుగు.

2020 సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. లెక్కలు రాసి బతికినవాణ్ని కాబట్టి నాకు అది కథలాగా కాకుండా నేరంలాగా కనిపిస్తుంది. ఫిబ్రవరిలో ట్రాన్ అనే క్రిప్టో సంస్థ అధిపతి జస్టిన్ సన్ స్టీమిట్ కంపెనీని కొన్నాడు. మొదట్లోనే తమకోసం పుట్టించి పెట్టుకున్న పెద్ద వాటా ఆ కంపెనీ దగ్గర ఉండేది, దాంతో ఓటు వేయబోమని మాట ఇచ్చి ఉండేది. కొత్త యజమాని ఆ మాట నిలబెట్టుకుంటాడో లేదో అని విట్‌నెస్‌లు ఆ వాటాను స్తంభింపజేశారు. మార్చి 2న ఏం జరిగిందో చూడు. బైనాన్స్, హువోబీ, పోలోనియెక్స్ అనే ఎక్స్ఛేంజీలు జనం తమ దగ్గర దాచుకున్న కాసులను ఓట్లుగా కట్టి, ఆ విట్‌నెస్‌లను దింపేశాయి. దాచుకున్నవాణ్ని ఒక్క మాట అడగలేదు. గోల లేచాక బైనాన్స్, హువోబీ వాళ్లు తమకు పూర్తిగా తెలియక జరిగిందన్నారు, ఓట్లు వెనక్కి తీసుకున్నారు. అప్పటికి నమ్మకం పోయింది. మార్చి 20న ఆ లెక్కల పుస్తకాన్నే నకలు దించుకుని, కంపెనీ వాటా మాత్రం దించకుండా వదిలేసి, జనం హైవ్ పేరుతో వేరు కాపురం పెట్టారు. నువ్వు రాస్తున్నది ఆ కాపురంలోనే. పుస్తకం నకలుతో విడిపోయిన సంసారం ఇంకొకటి నేను వినలేదు. క్యూరేషన్ గుంపులు ఆ వేరు కాపురానికి మూటా ముల్లే సర్దుకుని వచ్చేశాయి. ఓసీడీ వచ్చింది, స్టీమ్‌స్టెమ్ మనుషులు స్టెమ్‌సోషల్ అని పేరు మార్చుకుని వచ్చారు. చూపున్న మనుషులు ఎటు వెళ్తే సరుకు అటు వెళ్లింది.

దొంగతనం సంగతి నీకు తెలిసే ఉంటుంది. ఎత్తిపోతల రచనలను పట్టుకోవడానికి తొలినాళ్లలోనే చీటా అనే బాట్ పెట్టారు, స్టీమ్‌క్లీనర్స్ అని కాపలా జనం ఉండేవాళ్లు. హైవ్‌లో హైవ్‌వాచర్స్. ఇప్పుడు కొత్త బెడద, మనిషి రాయకుండా ఏఐతో రాయించినవి. కంభం చెరువు మీద అడిగితే అది చక్కగా అప్పజెప్పుతుంది. విజయనగర కాలంలో వరదరాజమ్మ గుండ్లకమ్మకు అడ్డంగా కట్టించిందనీ, 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ సంఘం వారసత్వ కట్టడంగా గుర్తించిందనీ, ఆసియాలోనే పాత చెరువుల్లో ఒకటనీ. అన్నీ నిజాలే. కానీ ఆ వ్యాసాన్ని వేలిముడుకుతో తట్టి చూడు. ఈ మధ్య అలుగు ఎప్పుడు పారింది, తూము దగ్గర నీళ్ల వంతు ఎవరు చూస్తారు, చెరువు ఎండిన ఏడు ఆయకట్టు రైతు ఏం వేశాడు, చేపల వేలం ఎప్పుడు జరుగుతుంది, ఇలాంటివి ఒక్కటైనా ఉన్నాయా? లేకపోతే రెండో రకం గుట్టలో పడెయ్యి. మోక్షగుండం మీద వచ్చినవీ అలాగే ఉంటాయి. విశ్వేశ్వరయ్య గారి పూర్వీకుల ఊరు అని ఒక్క వాక్యంతో బేస్తవారిపేట మండలం దాటి మైసూరుకు వెళ్లిపోతారు. ఊరు ఊరుగా ఎక్కడా కనిపించదు. రాచర్ల మండలం సత్యవోలులో చాళుక్యుల కాలపు గుడులున్నాయి. ఆ రాతిపని గురించి రెండు పేజీలు రాసినవాడు దొరికితే వాడి పేరు ముందు నాకు పంపు.

జీతం లేకుండా చదివే మనుషులు మన తెలుగులో లేరా అని నువ్వు అడగొచ్చు. ఉన్నారు, నాకు వాళ్లతో పరిచయం ఎక్కువ. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో వెన్న నాగార్జున గారి చొరవతో మొదలైంది. వ్యాసాలు లక్ష దాటాయి. అక్కడ రాసేవాళ్లకు కాసు రాదు. మన మార్కాపురం చుట్టుపక్కల పల్లె పేరు ఏది కొట్టినా ఒక పుట తెరుచుకుంటుంది, 1970 దాకా ఈ తాలూకా కర్నూలు జిల్లాలో ఉండేదన్న ముక్క దగ్గర్నుంచి ఎవరో ఒకరు కూర్చుని ఎక్కించినవే. వాళ్లకూ రకం వేసే పద్ధతులున్నాయి. సరిపడా సరుకు లేని వ్యాసాన్ని మొలక అంటారు. బాగా పెరిగినదాన్ని ఎంచి ఈ వారం వ్యాసంగా మొదటి పేజీలో పెడతారు. తగువులు రచ్చబండలో తేల్చుకుంటారు. బాగా చేసినవాళ్ల చర్చా పేజీలో తోటివాళ్లు ఒక పతకం బొమ్మ అతికిస్తారు. కొమర్రాజు లక్ష్మణరావు గారి పేరు మీద ఒక పురస్కారం కూడా ఉంది.

అక్కడా డబ్బు ఒకసారి అడుగుపెట్టింది. 2009 ప్రాంతంలో గూగుల్ భారతీయ భాషల వికీపీడియాలలో తన అనువాద పరికరంతో వ్యాసాలు చేయించింది, కొంత పని కూలికి తీసుకున్న అనువాదకులతో. తెలుగులోకి అలా వందల వ్యాసాలు వచ్చి పడ్డాయి. చూడటానికి ఒక్కొక్కటీ బారెడు. చదవబోతే ఇంగ్లీషు వాక్యానికి తెలుగు చొక్కా తొడిగినట్టుండేవి. ఏ విషయాలు కావాలో తెలుగువాళ్లను అడగలేదు, తప్పు చెబితే దిద్దడానికి రాసినవాడు అక్కడ ఉండడు. ఉన్న పిడికెడు మంది సముదాయమే ఏళ్ల తరబడి వాటిని దిద్దుతూ కూర్చుంది. దిద్దలేనివి తీసేయడమే మేలని చివరికి ఆ సముదాయమే తీర్మానించుకుంది. రాతకు కూలి ఇచ్చారు, చదవడానికి ఎవర్నీ పెట్టలేదు. అంతే తేడా వచ్చింది.

హైవ్‌లో తెలుగుకున్న చిక్కు కూడా ఇక్కడే ఉంది. నువ్వు ఇంగ్లీషులో రాశావు కాబట్టి ఎవరో చదవగలిగారు. అదే వంతెన మీద తెలుగులో రాసి ఉంటే, తెలుగు రాని క్యూరేటర్ నీ ఫొటోలు మాత్రం చూసి ముందుకు పోయేవాడు. అతని తప్పు లేదు, చదవలేనిదానికి ఓటేస్తే అది బిడ్ బాట్ పనే అవుతుంది. తెలుగు చదవగల మనిషి ఆ గుంపులో కూర్చుంటేనే తెలుగు రాతకు తూకం పడుతుంది. నిన్ను చేరమనడానికి నాకున్న పెద్ద కారణం ఇదొక్కటే. కనిగిరి, దర్శి వైపు నుంచి ఫ్లోరైడ్ నీళ్ల మీద ఎవరైనా ఇంటి అనుభవం రాస్తే, వెలిగొండ సొరంగాల పనిలో కూలికి వెళ్లినవాడు రాస్తే, చెంచు గూడెం నుంచి చదువుకున్న పిల్ల ఒకతె రాస్తే, అది మంచి రాతో కాదో చెప్పగలిగినవాళ్లు ఆ బల్ల దగ్గర ఒకరైనా ఉండాలి.

ఇక్కడే ఇంకో హెచ్చరిక. తెలుగువాళ్లు నలుగురు చేరగానే ఒక వాట్సాప్ గ్రూపు పుడుతుంది, "మనవాళ్ల పోస్టులకు మనం వేసుకుందాం" అని. నీకు నేను, నాకు నువ్వు. ఊరి పేరు, కాలేజీ పేరు, ఇంకా చెప్పకూడని పేర్లు కూడా వస్తాయి. పంచాయతీ ఎన్నికల్లో చూస్తూనే ఉన్నాం కదా. ఆ గ్రూపులో ఉండు, వద్దనను, కబుర్లు తెలుస్తాయి. ఓటు మాత్రం అక్కడ పెట్టకు. మన ఊరివాడే పేలవంగా రాస్తే మెసేజ్ పెట్టి ఏం బాలేదో చెప్పు. కోపమొస్తే రానీ. నీకు నచ్చని అభిప్రాయం ఉన్న రచన బాగుంటే వెయ్యి. డౌన్‌వోటు మాత్రం దొంగ రాతకూ మోసానికీ దాచుకో. అభిప్రాయం నచ్చలేదని వేస్తే, నీ గుంపుకు బరువిచ్చినవాళ్ల పేరు కూడా నీతోపాటు చెడుతుంది.

డబ్బు సంగతి క్లుప్తంగా. క్రిప్టో వ్యాపారాలకు బ్యాంకులు సేవలు ఇవ్వొద్దన్న రిజర్వు బ్యాంకు సర్క్యులర్‌ను సుప్రీం కోర్టు 2020 మార్చిలో కొట్టేసింది కాబట్టి ఇది చట్టవిరుద్ధం అని మీ నాయన అంటే ఒప్పుకోకు. అలాగని గాలి సొమ్మూ కాదు. 2022 ఏప్రిల్ నుంచి ఇలాంటి ఆస్తుల అమ్మకం లాభం మీద 30 శాతం పన్ను, ఆ జూలై నుంచి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్. ఒకదాంట్లో నష్టం వస్తే ఇంకోదాని లాభంలోంచి తీసేయడానికి వీల్లేదు. నీకు ఏ రోజు ఎన్ని కాసులు వచ్చాయి, ఆ రోజు ధర ఎంత, ఎప్పుడు అమ్మావు, ఈ మూడూ ఒక నోటుబుక్కులో రాసుకో. పండక్కి వచ్చినప్పుడు తెస్తే నేను ఆవర్జా కట్టి పెడతాను, ఆడిటర్‌కు చూపిద్దాం. ఎవరు చెప్పినా సొంత జీతం డబ్బు పెట్టి కాసులు కొని ఓటు బరువు పెంచుకోవద్దు. రాసి, చదివి సంపాదించినదే అక్కడ కట్టెయ్యి, పోయినా నిద్ర పడుతుంది. ఖాతా తాళంచెవి అక్షరాలు ఫోన్లో ఫొటో తీసి దాచకు. కాగితం మీద రాసి బీరువాలో పెట్టు. అది పోతే ఫిర్యాదు తీసుకునే ఆఫీసు ఆ లోకంలో ఏదీ లేదు.

మీ పెద్దమ్మ ఒకటి అడగమంది. ఆ గ్యాంగ్‌మన్ తాతకు నీ వ్యాసం చూపించావా? ఇంగ్లీషులో ఉంది కదా, ఆయనకు తెలుగులో చదివి వినిపించు. వచ్చిన డబ్బులో ఆయనకు ఏదైనా కొనిపెట్టు. మాట ఆయనది, రాత నీది. సగం సగం నిబంధన ఇంట్లోనూ పనికొస్తుంది.

చివరిగా నీ ప్రశ్నకు నా తీర్పు, మీ నాయనకు కూడా చూపించేలా విడిగా రాస్తున్నాను. చేరు. రోజుకు గంట దాటనివ్వకు. ఎన్ని తెచ్చావన్న లెక్క లేని గుంపైతేనే ఉండు. తెలుగులో వచ్చినవాటిని ముందు చదువు. గుంపువాళ్లకు ఇంగ్లీషులో నాలుగు లైన్లు రాసి, ఎందుకు బాగుందో వివరించి మరీ పంపు. ఈ వారంలోనే వాళ్లకు జవాబు రాసెయ్యి, ఆలస్యం చేస్తే ఆ చోటు తెలుగు రానివాడికి పోతుంది.

ఇట్లు,
మీ పెదనాయన